వాటా పంచాకే వాటా వచ్చింది: ఒక హిప్-హాప్ ప్రొడ్యూసర్ కేస్ స్టడీ

మ్యూజిక్ ప్రొడ్యూసర్ల, అంటే పాటకు సంగీతం తయారుచేసి ఇచ్చేవాళ్ల, ఒప్పందాలు, క్రెడిట్లు, రాయల్టీ లెక్కలు చూసిపెట్టడం నా పని. నా దగ్గరకొచ్చే గొడవలు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. పాట హిట్టవుతుంది, ప్రొడ్యూసర్ పేరు కనిపించదు, డబ్బు రాదు. వాటిలో ఈ ఒక్కదాన్ని రాయడానికి కారణం ఉంది. బీట్, అంటే గొంతు వెనక నడిచే సంగీతం, మొత్తం నాదేనని పట్టుబట్టినన్నాళ్లూ ఈ ప్రొడ్యూసర్‌కు ఒక్క అడుగూ ముందుకు పడలేదు. అందులో ఇంకొకరి భాగం కూడా ఉందని కాగితం మీద పెట్టాకే అవతలివాళ్లు దారికొచ్చారు.

క్లయింట్ అనుమతితో రాస్తున్నాను. పేర్లు, ఊళ్లు, పాట వివరాలు తీసేశాను. గుర్తుపట్టేందుకు వీలున్న చిన్న చిన్న సంగతులు కొన్ని మార్చాను.

మనిషి, అతని పని

ముప్పై దాటిన మనిషి. పదేళ్లుగా ఇదే వృత్తి. ల్యాప్‌టాప్, ఒక జత హెడ్‌ఫోన్లు, చిన్న మిడి కీబోర్డుతో ఇంట్లోనే మొదలుపెట్టాడు. డ్రమ్స్ మీద మంచి పట్టు ఉంది. ముఖ్యంగా 808 బేస్ అతని చేతిలో భలే పలుకుతుంది. రోలాండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ మెషిన్ 1980లో వచ్చి 1983కల్లా తయారీ ఆగిపోయింది కానీ, దాని కిక్ శబ్దం నేటికీ హిప్-హాప్‌కు పునాది. ఆ శబ్దాన్ని సాగదీసి, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెల్లగా జార్చి, పాట మూడ్‌నే మార్చేస్తాడతను. తెలిసినవాళ్లు రెండు బార్లు, అంటే తాళం రెండు ఆవృత్తాలు, వింటే చాలు, బీట్ ఎవరిదో చెప్పేస్తారు.

ఆదాయం మాత్రం ఎక్కువగా లీజుల మీద వచ్చేది. ఈ పద్ధతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ప్రొడ్యూసర్ ఒక బీట్‌ను ఆన్‌లైన్‌లో పెడతాడు. తక్కువ ధరకు ఎంతమందైనా లీజుకు తీసుకోవచ్చు. ఎన్నాళ్లు వాడుకోవచ్చు, ఎన్ని స్ట్రీముల వరకు వాడుకోవచ్చు అనేది లీజులోనే రాసి ఉంటుంది. బీట్ యాజమాన్యం ప్రొడ్యూసర్ దగ్గరే ఉండిపోతుంది. ఇక ఎవరికీ ఇవ్వకుండా ఒక్కరికే ఇవ్వాలంటే అది ఎక్స్‌క్లూజివ్. దాని ధర వేరు, ఒప్పందం వేరు. లీజుల మీద బతకాలంటే ఆన్‌లైన్‌లో ఎప్పుడూ కొత్త బీట్ కనబడుతూ ఉండాలి. అందుకని అతను రోజూ బీట్లు చేసేవాడు. అలా కుప్పలుగా చేసిన బీట్లలో ఒకదాన్ని, అప్పటికి ఎవరికీ తెలియని ఒక కుర్ర గాయకుడు బేసిక్ లీజుకు కొనుక్కున్నాడు.

సమస్య

ఆ కుర్రాడి పాట చిన్న వీడియోల్లో అంటుకుంది. లీజులో ఉన్న స్ట్రీముల పరిమితి ఎప్పుడో దాటిపోయింది. ఒక లేబుల్ (మ్యూజిక్ కంపెనీ) అతన్ని సైన్ చేసుకుని, హుక్‌ను (పాటలో పదేపదే వచ్చే ముక్కను) ఇంకో ఇద్దరు రచయితలతో కాస్త మార్పించి, పాటను మళ్లీ విడుదల చేసింది. కొత్త విడుదలలో రచయితలుగా గాయకుడు, ఆ ఇద్దరు ఉన్నారు. ప్రొడ్యూసర్‌గా ఇంకెవరిదో పేరు ఉంది. మా క్లయింట్ పేరు ఎక్కడా లేదు.

నా దగ్గరకు వచ్చేటప్పటికే అతను మూడు పనులు చేసేశాడు. మూడూ బెడిసికొట్టాయి. ఎందుకు బెడిసికొట్టాయో విడివిడిగా చూడాలి.

మొదట గాయకుడికి నేరుగా మెసేజ్ పెట్టాడు. ఆ కుర్రాడు మర్యాదగానే జవాబిచ్చాడు, క్రెడిట్ ఇప్పిస్తానన్నాడు. కానీ లేబుల్‌తో సంతకం అయ్యాక ఆ మాట అతని చేతిలో లేదు. మాట ఇచ్చినవాడికి, మాట నిలబెట్టుకోగల అధికారం ఉందా అన్నది ఇలాంటి చోట ముందు చూసుకోవాల్సిన సంగతి.

రెండోది, ఒక వీడియో పెట్టి జరిగిందంతా బయటపెట్టాడు. జనం వెనకేసుకొచ్చారు. రెండు రోజులు ఫోన్ మోగుతూనే ఉంది. ఆ తర్వాత లేబుల్‌లో మాట్లాడే మనుషులు మాయమై, లాయర్ల ఉత్తరాలు మొదలయ్యాయి. సెషన్లు అనుకున్న ఇద్దరు ఆర్టిస్టులు తర్వాత చూద్దామని తప్పుకున్నారు. అతని కోపం న్యాయమైనదే. కానీ బయటకు చెప్పిన ప్రతి మాటా రేపు కాగితంగా ఎదురొస్తుంది. వీడియోలో అతను "ఇందులో ప్రతి శబ్దం నేను చేసిందే" అన్నాడు. అసలు చిక్కంతా అక్కడినుంచే వచ్చింది.

మూడోది, తన పాటలను ఆన్‌లైన్ వేదికలకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ద్వారా ఆ బీట్‌ను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో, అంటే నమోదైన శబ్దం ఏ వీడియోలో ఉన్నా పట్టుకునే వ్యవస్థలో, నమోదు చేయించాడు, హిట్ పాట మీద క్లెయిమ్ పడుతుందని. పడింది. దాంతోపాటు అదే బీట్‌ను లీజుకు తీసుకుని, నిబంధనల ప్రకారమే వాడుకున్న మిగతా గాయకులందరి వీడియోల మీదా పడింది. డబ్బు కట్టిన కస్టమర్లకే కాపీరైట్ క్లెయిమ్‌లు వెళ్లాయి. చాలామందికి లీజుకిచ్చే బీట్‌ను కంటెంట్ ఐడీలో పెట్టకూడదు. ఒకే శబ్దాన్ని అనేకమంది హక్కుగా వాడుకుంటున్నప్పుడు, ఎవరు కొన్నారో ఎవరు కొనలేదో ఆ యంత్రానికి తెలిసే దారి లేదు. నేను చేయించిన మొదటి పని ఆ నమోదును వెనక్కి తీయించడం.

క్లయింట్‌కు అది లొంగిపోయినట్టు అనిపించింది. "చేతిలో ఉన్న ఒక్క ఆయుధం కూడా పడేయమంటున్నారు" అన్నాడు. కానీ ఆ క్లెయిమ్ ఉన్నంతకాలం, లీజు నిబంధనలను మొదట తప్పింది మీరేనని అవతలివాళ్లు అనగలరు. మన వైపు తప్పు లేకుండా చూసుకున్నాకే పరిమితి దాటిన సంగతి ఎత్తాలన్నది నా ఆలోచన.

లేబుల్ అడిగిన ప్రశ్న

నా కన్నా ముందు ఒక లాయర్ నోటీసు పంపించి ఉన్నాడు. పాట రచనలో (స్వరాలు, మాటలు కలిపి) యాభై శాతం, మాస్టర్ (విడుదలైన రికార్డింగ్) మీద ప్రొడ్యూసర్ రాయల్టీ, సరైన క్రెడిట్ అడిగాడు. లీజు పత్రంలో ఆ మాట స్పష్టంగానే ఉంది: బీట్ వాడిన పాట రచనలో సగం ప్రొడ్యూసర్‌ది. లేబుల్ రెండు వాదనలతో జవాబిచ్చింది.

ఒకటి, ఆ బీట్ 'వర్క్ ఫర్ హైర్', అంటే చేయించుకున్నవాళ్లకే చెందే పని అని. ఇది తేలిపోయే వాదన. వాళ్ల ఒప్పందాలు నడిచేది అమెరికా చట్టం కింద. ఆ చట్టంలో, ఉద్యోగి కానివాడి పని వర్క్ ఫర్ హైర్ కావాలంటే ఇద్దరూ సంతకం చేసిన రాతపూర్వక ఒప్పందం ఉండాలి, ఆ పని చట్టం పేర్కొన్న తొమ్మిది కోవల్లో ఏదో ఒకదానికి చెందాలి. కాపీరైట్ యాజమాన్యం చేతులు మారాలన్నా సంతకం చేసిన కాగితం కావాలి. ఇక్కడున్నది లీజు ఒక్కటే, అదేమో యాజమాన్యం ప్రొడ్యూసర్‌దేనని చెబుతోంది.

రెండోది ఒక ప్రశ్న. పాట మొత్తం నడిచే ఆ ఎనిమిది బార్ల మెలడీ ఇంకొకరి పేజీలో, బీట్ కంటే రెండేళ్ల ముందే కనిపిస్తోంది. అది మీ క్లయింట్ రాసిందేనా?

దానికి అతని దగ్గర జవాబు లేదు. ఆ మెలడీ ఒక లూప్ (మళ్లీ మళ్లీ తిప్పి వాడుకునే చిన్న సంగీతం ముక్క) తయారీదారుడిది. ఈ రంగంలో కేవలం మెలడీలు చేసి, ఫోల్డర్లుగా ప్రొడ్యూసర్లకు పంపేవాళ్లు ఉంటారు. పాటలో వాడితే వాటా పంచుకోవాలన్నది లెక్క. మా క్లయింట్ ఆ లూప్‌ను రెండు సెమిటోన్లు పైకెత్తి, వేగం పెంచి, ముక్కలు కోసి, చివరి రెండు బార్లు తిరగేశాడు. ఆ తర్వాత వందల బీట్లు చేశాడు. ఆ లూప్ ఎవరిదన్నది అతని బుర్రలోంచి చెరిగిపోయింది. దొంగతనం చేసే మనిషి కాడు. రోజుకు నాలుగు బీట్లు చేసేవాడికి ఏ ఫోల్డర్ ఎక్కడిదో గుర్తుండదు, ఎక్కడా రాసిపెట్టుకోలేదు.

"అయినా అది ఎనిమిది బార్లే కదా, నేనంతా మార్చేశాను" అన్నాడు. శాంప్లింగ్ (ఇంకొకరి రికార్డింగ్ ముక్కను వాడుకోవడం) కేసులు చదివినవాళ్లు ఈ మాట తరచుగా అంటారు. అమెరికాలో రికార్డింగ్‌లోంచి చిన్న ముక్క తీసుకోవడం మీద కోర్టులే రెండు దారుల్లో ఉన్నాయి. 2005లో బ్రిడ్జ్‌పోర్ట్ కేసులో ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఎంత చిన్న ముక్కకైనా లైసెన్స్ కావాలంది. 2016లో సాల్సోల్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు, అతి స్వల్పమైతే ఉల్లంఘన కాదంది. ఆ చర్చ మనకు పనికిరాదని చెప్పాను. ఇక్కడ లూప్ ఒక మూలన ఉన్న ముక్క కాదు, పాట మొత్తం దాని మీదే నిలబడింది. పైగా లేబుల్ మీద మనం ఏ నియమం ప్రయోగిస్తున్నామో, అదే నియమం లూప్ చేసినవాడు మన మీద ప్రయోగించగలడు.

పాత ఫైల్ తెరిచినప్పుడు

నిర్ణయం తీసుకునేముందు ఏది ఎవరిదో తేల్చుకోవాలి. క్లయింట్ దగ్గర పాత హార్డ్ డ్రైవ్ ఉంది. అదృష్టవశాత్తూ ప్రాజెక్ట్ ఫైల్ ఇంకా తెరుచుకుంటోంది. ఇద్దరం కలిసి ఒక్కో ట్రాకే విన్నాం.

లూప్ ట్రాక్ పేరులోనే దాన్ని చేసినవాడి మారుపేరు, టెంపో, కీ ఉన్నాయి. దాని కింద కిక్, స్నేర్, క్లాప్, 808, రెండు హై-హ్యాట్ ట్రాకులు, తిరగేసిన గొంతుతో చేసిన ఒక ప్యాడ్. అవన్నీ మా క్లయింట్‌వే. రెండో వర్స్ మొదట్లో ఒక హై-హ్యాట్ దెబ్బ గ్రిడ్ (సాఫ్ట్‌వేర్‌లో తాళాన్ని చూపే గీతలు) కంటే కాస్త వెనక పడింది. చేత్తో వాయించి సరిచేయకుండా వదిలేశాడు, బాగుందని. విడుదలైన పాటలో సరిగ్గా అదేచోట, అదే ఆలస్యంతో ఆ దెబ్బ వినిపించింది.

తర్వాత నల్ టెస్ట్ చేశాం. మన ఫైల్‌ను విడుదలైన పాట పక్కన ఒకే వాల్యూమ్‌లో, శాంపిల్ తేడా లేకుండా వరసపెట్టి, ఒకదాని పోలారిటీ తిప్పేస్తే (శబ్ద తరంగాన్ని తలకిందులు చేస్తే), రెండింటిలో ఒకేలా ఉన్నదంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. మాస్టరింగ్‌లో (చివరి మెరుగులప్పుడు) లిమిటర్, అంటే శబ్దం హద్దు దాటకుండా అదిమే సాధనం, పడ్డ పాట పూర్తి నిశ్శబ్దం కాదు, కాకూడదు కూడా. కానీ గాయకుడి గొంతు మొదలయ్యే ముందు ఇంట్రోలో శబ్దం బాగా పడిపోయి, పైపైన హై ఫ్రీక్వెన్సీల గరగర మాత్రమే మిగిలింది. అక్కడ వాడింది ఇదే ఫైల్. పాటను మళ్లీ 'ప్రొడ్యూస్' చేశామన్న లేబుల్ మాట నిజం కాదు. మన స్టీరియో బీట్ మీద గొంతు, కొన్ని అదనపు శబ్దాలు వేశారంతే.

ఆ ఫైల్ మా క్లయింట్‌కు రెండు సంగతులు చెప్పింది. రికార్డింగ్ తనదేనన్నదానికి గట్టి సాక్ష్యం దొరికింది. మెలడీ తనది కాదన్నదానికి కూడా అంతే గట్టి సాక్ష్యం దొరికింది. మొదటిది చూపించాలంటే రెండోది దాచే వీల్లేదు.

పనిచేసిన దారి

లూప్ చేసినవాడికి ముందు ఫోన్ చేద్దామన్నాను. క్లయింట్ వారం రోజులు ఒప్పుకోలేదు. "డ్రమ్స్ నావి, అరేంజ్‌మెంట్ నాది, కస్టమర్‌ను తెచ్చుకుంది నేను. ఫోల్డర్ పంపినందుకు సగమా?" అతని బాధ అర్థమైంది. పోరాటం తను చేసి ఫలితం ఇంకొకడికి ఇవ్వడం ఎవరికైనా కష్టమే. కానీ లెక్క చూడండి. లీజు ప్రకారం రచనలో సగం బీట్‌కు వస్తుంది. దాన్ని ఇద్దరూ సమానంగా పంచుకుంటే చెరో ఇరవై ఐదు. లూప్‌వాడు బయట ఉండిపోతే, లేబుల్ రేపు అతన్నే నేరుగా పట్టుకుని ఓ చిన్న మొత్తానికి అతని హక్కులు కొనేసుకోవచ్చు. అప్పుడు మెలడీ హక్కుతో వాళ్లే మనకు ఎదురు నిలబడతారు. ఇలాంటి గొడవల్లో నాకున్న అసలు టెన్షన్ ఎప్పుడూ అదే.

నేను చూపించిన ఉదాహరణ 'ఓల్డ్ టౌన్ రోడ్' పాట. డచ్ ప్రొడ్యూసర్ యంగ్‌కియో ఆన్‌లైన్‌లో పెట్టిన బీట్‌ను అమెరికన్ ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ 30 డాలర్లకు కొన్నాడు. ఆ బీట్‌లో నైన్ ఇంచ్ నెయిల్స్ అనే బ్యాండ్ 2008లో విడుదల చేసిన ఒక వాద్య సంగీతం ముక్క ఉంది. పాట 2019లో బిల్‌బోర్డ్ హాట్ 100లో 19 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆ ముక్క చేసిన ట్రెంట్ రెజ్నర్, ఆటికస్ రాస్‌లకు రచయితలుగా, ప్రొడ్యూసర్లుగా పేరొచ్చింది. యంగ్‌కియో పేరు కూడా నిలిచింది. లోపలున్న మెలడీ ఎవరిదో ఒప్పుకున్నంత మాత్రాన బీట్ చేసినవాడు చిన్నవాడైపోలేదు.

చివరికి ఫోన్ చేశాడు. నేను లైన్‌లోనే ఉన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆ అబ్బాయి, "లూప్ వాడారని తెలుసు బ్రో. నా లూప్స్ ఉన్న పాటలు చాలా విన్నాను. ఫోన్ చేసింది మాత్రం మీరే" అన్నాడు. ఆ సాయంత్రమే స్ప్లిట్ షీట్, అంటే ఎవరికెంత వాటానో రాసుకునే కాగితం, మీద సంతకాలయ్యాయి. రచనలో చెరో ఇరవై ఐదు. మాస్టర్ మీద వచ్చే రాయల్టీలోనూ లూప్ రికార్డింగ్‌కు ఒక భాగం, ఎందుకంటే వాడుకున్నది అతని స్వరాలనే కాదు, అతను రికార్డు చేసిన శబ్దాన్ని కూడా. ఈ రెండో భాగాన్ని చాలా స్ప్లిట్ షీట్లు మర్చిపోతాయి. రచన హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు. షీట్ మీద రెండూ రాయాలి.

తర్వాత ఇద్దరూ తమ తమ సొసైటీల్లో (రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థల్లో) అవే అంకెలతో పాటను నమోదు చేశారు. లేబుల్ వైపువాళ్లు అప్పటికే నూటికి నూరు శాతం తమ పేరున నమోదు చేసుకున్నారు. మొత్తం వాటాలు వంద దాటేసరికి వివాదం నమోదై, పంపిణీ ఆగిపోయింది. గాయకుడితో సహా ఎవరి డబ్బూ కదల్లేదు. ఇది క్లయింట్‌కు కష్టంగానే అనిపించింది, ఆ కుర్రాడి మీద అతనికి కోపం లేదు. కానీ ఒక్కసారి అవతలివాళ్లకు డబ్బు వెళ్లిపోతే తిరిగి రాబట్టడం ఆపడం కంటే ఎన్నో రెట్లు కష్టం.

మరో పక్క ఆ పాటను ఒక యాడ్‌లో వాడాలన్న బేరం లేబుల్ చేతిలో ఉంది. యాడ్ చేసేవాళ్లు రచయితలందరి నుంచీ, రికార్డింగ్ యజమానుల నుంచీ అనుమతి కావాలంటారు, రేపు ఎవరైనా కేసు వేస్తే నష్టం భరిస్తామన్న హామీ కూడా అడుగుతారు. సొసైటీ రికార్డుల్లో వివాదం కనిపిస్తుంటే అలాంటి హామీ ఇవ్వడం లేబుల్‌కు కుదరదు. మన తరఫున ఇద్దరూ ఒకే మాట మీద, ఒకే అంకెల మీద ఉన్నారు, అడగడానికి ఇక ప్రశ్న లేదు. లాయర్ల ఉత్తరాలు ఆగి, మళ్లీ మనుషులు ఫోన్ చేశారు.

బేరంలో వదులుకున్నవి, వదలనివి

క్లయింట్‌కు పెద్ద అడ్వాన్స్ కావాలి. ఇన్నాళ్లు నష్టపోయానన్న బాధ. నేను వేరేవాటి మీద పట్టుబట్టమన్నాను. అడ్వాన్స్ అంటే రాబోయే రాయల్టీలోంచి ముందే ఇచ్చేది; ఎంత పెద్దది తీసుకుంటే రాయల్టీ అంత ఆలస్యంగా మొదలవుతుంది. హిట్టయిన పాట విషయంలో, ఎంత ముందు చేతికొస్తుందన్నదానికంటే ఏ రోజు నుంచి లెక్కగడతారన్నదే ముఖ్యం.

అందుకని నాలుగు అంశాలు వదల్లేదు. ప్రొడ్యూసర్ రాయల్టీ మొదటి స్ట్రీమ్ నుంచి లెక్కకట్టాలి. సాధారణంగా ఇది మూడు, నాలుగు శాతం దగ్గర తేలుతుంది, ఇక్కడా ఆ పరిధిలోనే తేలింది. ఆ డబ్బు గాయకుడి చేతి మీదుగా కాకుండా లేబుల్ నేరుగా కట్టాలి. ఇది లెటర్ ఆఫ్ డైరెక్షన్‌తో, అంటే నా వాటాలోంచి ప్రొడ్యూసర్‌కు నేరుగా కట్టండని గాయకుడు రాసిచ్చే లేఖతో, కుదురుతుంది. చాలా ఒప్పందాల్లో ప్రొడ్యూసర్‌కు కట్టాల్సిన బాధ్యత గాయకుడి మీదే ఉంటుంది. అతని ఖాతా అప్పుల్లో ఉంటే ప్రొడ్యూసర్ ఎదురుచూస్తూ కూర్చోవాలి. అమెరికాలో ఇంటర్నెట్ రేడియో, శాటిలైట్ రేడియో డబ్బు కోసం, దాన్ని వసూలు చేసి పంచే సౌండ్‌ఎక్స్ఛేంజ్ అనే సంస్థకు ఇంకో లేఖ కావాలి. అక్కడ సగం మాస్టర్ యజమానికి, 45 శాతం ప్రధాన కళాకారుడికి, 5 శాతం ఇతర వాద్యకారులు, గాయకులకు వెళ్తుంది. ప్రొడ్యూసర్ వాటా ఆ కళాకారుడి భాగంలోంచి, అతని సంతకంతోనే రావాలి. 2018 నాటి మ్యూజిక్ మోడర్నైజేషన్ యాక్ట్ ఈ లేఖకు చట్టబద్ధత ఇచ్చింది. మూడోది, లెక్కల పుస్తకాలు ఆడిట్ చేసుకునే హక్కు. నాలుగోది, క్రెడిట్‌లో రాయాల్సిన మాటలు అక్షరం అక్షరం ఒప్పందంలోనే ఉండటం, లూప్ చేసిన అబ్బాయి పేరుతో సహా.

క్రెడిట్ లైన్ గురించి క్లయింట్ నాకంటే గట్టిగా నిలబడ్డాడు. ప్రొడ్యూసర్‌కు తర్వాతి పని వచ్చేది దాన్ని చూసే. అడ్వాన్స్ తగ్గించుకోడానికి ఒప్పుకున్నాడు గానీ, 'అదనపు ప్రొడక్షన్' అని రాస్తామంటే ఒప్పుకోలేదు.

వదులుకున్నది కూడా ఉంది. లేబుల్‌తో సంతకానికి ముందు, గాయకుడు సొంతంగా విడుదల చేసినప్పటి ఆదాయం చాలావరకు ఖర్చైపోయింది. దానికోసం ఆ కుర్రాడి మీద పడదల్చుకోలేదు. ఇది క్లయింట్ నిర్ణయం, నాకూ సరైనదే అనిపించింది. లీజు కొన్నవాడు అతనే, మొదటి మెసేజ్‌కు మర్యాదగా జవాబిచ్చిందీ అతనే.

పని ఎలా మారింది

ఈ గొడవ నడిచినన్నాళ్లూ అతను సాఫ్ట్‌వేర్ తెరవలేదు. "ఏ కీ నొక్కినా లాయర్ ఉత్తరమే గుర్తొస్తోంది" అనేవాడు. దానికి నా దగ్గర మందు లేదు, నేను చూసేది కాగితాలు. అయితే ఒప్పందం కుదరడానికి ముందే అతను మళ్లీ పనిలో పడటం నేను గమనించాను. లూప్ చేసిన అబ్బాయి ఒక కొత్త ఫోల్డర్ పంపాడు, ఇద్దరూ రాత్రిళ్లు వీడియో కాల్‌లో కూర్చుని బీట్లు చేయడం మొదలుపెట్టారు.

ఇప్పుడు అతను చేసే బీట్ల సంఖ్య తగ్గింది. బయటినుంచి వచ్చిన ప్రతి శబ్దానికీ ఒక వరస రాస్తాడు: ఎవరిది, ఏ రోజు వచ్చింది, ఏ షరతు మీద. ప్రాజెక్ట్ ఫైల్ పక్కనే ఆ వరస ఉంటుంది. సెషన్ ముగిసి గదిలోంచి జనం కదలకముందే స్ప్లిట్ షీట్ నింపిస్తాడు. పాట ఇంకా ఎవరికీ తెలియని రోజున ఆ షీట్ మీద గొడవపడేవాళ్లు తక్కువ, అందరూ నవ్వుతూనే సంతకం పెడతారు. అమ్మిన ప్రతి లీజు పత్రాన్నీ, ఈమెయిల్‌తో సహా, రెండుచోట్ల దాస్తున్నాడు.

ఒక్క పని ఇంకా మిగిలే ఉంది. లేబుల్ ఈ బీట్‌ను ఎక్స్‌క్లూజివ్‌గా కోరింది. కానీ అంతకుముందు లీజుకు తీసుకున్న గాయకుల హక్కులు వాళ్ల గడువు తీరేదాకా చెల్లుతాయి, వాటిని ప్రొడ్యూసర్ రద్దు చేయలేడు. అందుకని ఆ లీజులన్నింటి జాబితా గడువు తేదీలతో సహా తయారుచేసి ఒప్పందానికి జతచేశాం. కొత్తగా ఎవరికీ లీజు ఇవ్వడు, పాతవాళ్ల పాటలను లేబుల్ తొలగించమని అడగదు. అప్పట్లో పొరపాటున కంటెంట్ ఐడీ క్లెయిమ్ పడ్డవాళ్లకు ఆ జాబితా చూసి అతనే ఒక్కొక్కరికీ ఉత్తరం రాశాడు, వాళ్ల లీజు ఎప్పటిదాకా చెల్లుతుందో చెబుతూ. చివరి లీజు గడువు వచ్చే ఏడాది తీరుతుంది, ఎక్స్‌క్లూజివ్ హక్కు పూర్తిగా అమల్లోకి వచ్చేది అప్పుడే.